గీత బయట

హాంకాంగ్‌తో ఆట ఉన్న రోజు మోతీ తన సెల్‌ఫోన్ల షాపు షట్టరు సగం దించేశాడు. పోయిన జూన్ పదో తారీకు, సాయంత్రం ఐదున్నర. ములకలపల్లి సెంటర్లో రీచార్జీలకు జనం వచ్చే వేళ అది. వచ్చిన ప్రతివాడూ తెర చూసి "ఇండియా ఫుట్‌బాల్ గూడ ఆడతదా?" అని అడుగుతాడని, వాడికి జవాబు చెప్పేలోగా గోలు పడిపోతుందని మోతీ భయం.

షట్టరు వెనక మేం ముగ్గురం. మోతీ పక్క తండావాడు, ఆశ్రమ పాఠశాలలో నాతోపాటు వట్టికాళ్లతో బంతి తన్నినవాడు. నేను ట్రాలీ ఆటో నడుపుతాను. మూడో మనిషి మా చెల్లెలు శ్రావణి. పాల్వంచలో డిగ్రీ రెండో సంవత్సరంలోకి వచ్చింది. మా గూడెం నుంచి రోజూ బస్సులో పోయొస్తుంది. కాలేజీ జట్టులో కుడివైపు ఆడుతుంది. ఆమె బంతి పట్టుకుని మైదానం పక్క గీత వెంట పరుగెత్తిందంటే ఆపడం కష్టం. నాకు అందని ఆట మా ఇంట్లో ఆమెకు అందిందని నేను పదిమందికీ చెప్పుకునేవాడిని.

అది ఆసియా కప్పు అర్హత ఆట. మార్చిలో బంగ్లాదేశ్‌తో ఒక్క గోలూ లేకుండా డ్రా చేసుకున్నారు మనవాళ్లు. ఈ ఆట గెలిస్తేనే దారి. గంటన్నర సేపు ఇటూ కాలేదు, అటూ కాలేదు. రెండో సగంలో మనవాడొకడు కాలు పట్టుకుని గడ్డిమీద కూర్చుండిపోయాడు.

"లేరా, నాటకాలోడా!" అని తెర మీదికి అరిచాను.

"నిజంగనే దెబ్బ తాకిందేమో అన్నా" అంది శ్రావణి.

"తాకితే తాకింది. దేశం అంగీ ఏసుకున్నంక కాలు ఇరిగినా ఉరకాలె. నొప్పి అనేటోడు ఇంట్ల పండుకోవాలె, గ్రౌండుకు రావొద్దు."

ఆ మాట నేను చాలా ఆటల్లో, చాలామంది గురించి అని ఉంటాను. ఆ రోజు అన్నదే ఎందుకు గుర్తుందంటే, తర్వాత ఆమె నాకు దాన్ని పొల్లు పోకుండా అప్పజెప్పింది కాబట్టి.

తొంభై నిమిషాలూ అయిపోయి, కలిపిన సమయంలో తొంభై నాలుగో నిమిషం. మన బాక్సులో విజిల్ మోగింది. పెనాల్టీ. గోలు. ఇంకేం లేదు. మోతీ టీవీ కట్టేసి షట్టరు పూర్తిగా పైకెత్తాడు. బయట ఒక ముసలాయన చేతిలో ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఏమైందయ్యా, ఎవలన్న పోయిండ్రా?" అని అడిగాడు మా మొహాలు చూసి.

నేను ఆటో తీసి గూడెం దాకా నడిపాను. టేకు ప్లాంటేషను మధ్య రోడ్డు గుంతల్లో బండి ఎగిరి పడుతుంటే శ్రావణి పక్కన ఇనుప కమ్మీ పట్టుకుని కూర్చుంది. ఇంటికి పోయాక అమ్మ అన్నం పెడితే కంచం తోసేశాను. మా అమ్మ ఆదెమ్మకు ఆట తెలియదు, నా మొహం తెలుసు. "ఓడిండ్రా?" అని శ్రావణిని మెల్లగా అడగడం వినపడింది. మా ఇంట్లో చాలా రోజులుగా ఈ పద్ధతి ఉంది. ఇండియా ఓడిందా, మా హైదరాబాద్ క్లబ్బు ఓడిందా అన్నది చూసి ఆ పూట నాతో మాట్లాడాలో వద్దో తేల్చుకునేవారు. నాకది అప్పుడు తప్పుగా తోచలేదు. గౌరవం అనుకున్నాను.

జూలై ఐదున మాత్రం మా ఇంట్లో పండగ జరిగింది. ఆడపిల్లల జట్టు థాయ్‌లాండు పోయి, థాయ్‌లాండునే రెండు ఒకటితో కొట్టి ఆసియా కప్పుకు అర్హత సాధించింది. మా వాకిట్లో పశువుల కొట్టం గోడ దగ్గర ఒక్కచోటే ఫోనుకు రెండు గీతల సిగ్నల్ వస్తుంది. అక్కడ నిలబడి స్కోరు చూస్తున్న శ్రావణి ఎగిరి గంతేసింది. మా నాయన పోతయ్య పత్తి చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆమె వెళ్లి ఆయన్ని పట్టుకుని గిరగిరా తిప్పింది.

"ఏందే ఇది, లాటరీ తగిలిందా?" అని నవ్వాడు నాయన.

"ఆడోళ్లు గెలిచిండ్రు నాయనా! మొగోళ్లకు కాలేదు గానీ, మనోళ్లు పోతున్నరు ఆసియా కప్పుకు!"

ఆ రాత్రి నా బుర్రలో ఒక ఆలోచన పడింది. మగవాళ్ల జట్టు మీద ఆశ పోయింది. వారం తిరగకుండానే మన దేశంలో క్లబ్బులు ఆడే లీగు సీజను వాయిదా అని వార్త వచ్చింది. ఎప్పుడు మొదలవుతుందో, అసలు అవుతుందో లేదో ఎవరికీ తెలియదన్నారు. నేనూ మోతీ కొత్తగూడెంలో రైలెక్కి గచ్చిబౌలి స్టేడియం దాకా పోయి, పసుపు చొక్కాలు వేసుకుని గొంతులు పోగొట్టుకున్న క్లబ్బు మాది. అది ఈ ఏడాది ఆడుతుందో లేదో కూడా తెలియదు. మోతీకి ఇంగ్లండు క్లబ్బు మాంచెస్టర్ ఉంది, వాడి ఏడుపు వాడు అటువైపు ఏడుస్తాడు. నాకేముంది? నాకు శ్రావణి ఉంది. అక్టోబర్లో రాష్ట్ర మహిళల జట్టుకు మా వైపు జిల్లాల ఎంపిక ఖమ్మంలో ఉంటుందని వాళ్ల కాలేజీలో ఆటలు నేర్పే పీడీ ఉషారాణి మేడం చెప్పింది. అంతే, నేను పట్టుకున్నాను.

తెల్లవారి ఐదింటికి లేపేవాడిని. వాన పడుతున్నా సరే. ప్లాంటేషను రోడ్డు మీద మూడు కిలోమీటర్లు ఆమె ముందు ఉరుకుతుంటే వెనక ఆటో మీద హారన్ కొడుతూ వెళ్లేవాడిని. అక్కడి నుంచి వాగు. వాగుకు అడ్డంగా కట్టిన సిమెంటు కట్ట ఉంది. దాని పక్క వాలు మీద పైకీ కిందికీ ఇరవైసార్లు. ఫోనులో టైము చూసి చెప్పేవాడిని. నిన్నటికంటే ఒక్క సెకను ఎక్కువైనా మళ్లీ మొదటినుంచి.

"మేడం గిట్ల చేయమనలేదన్నా. ఆరాం గూడ ఉండాలె అన్నది" అంది ఒకసారి.

"మేడం మాట విని ఎంతమంది ఇండియాకు ఆడిండ్రు మీ కాలేజీల?"

ఆగస్టులో ఒక రోజు, తెల్లార్లూ వాన కురిసి వాగు నిండుగా పారుతోంది. నేను ఆటో తిప్పి పెట్టుకుందామని రోడ్డు మీదికి వచ్చాను. తిరిగి చూసేసరికి శ్రావణి కట్ట కింద కూర్చుని ఉంది. లేచి వచ్చింది. ఎడమ వైపంతా బురద.

"జారినవా?"

"కొంచెం."

"సూస్కోవాలె గదా. బండెక్కు, బస్సు పోతది."

అంతే నేను అడిగింది.

ఆ తర్వాత కొన్ని నేను చూశాను, చూసి తప్పుగా చదివాను. ఆమె మోకాలికి పాత చున్నీ ముక్క చుట్టుకునేది. దోమలకని అనుకున్నాను. అమ్మ పొద్దున్నే ఏదో ఆకు నూరుతుండేది. తన నడుము నొప్పికనుకున్నాను. గ్రౌండులో శ్రావణి కుడి కాలితో తన్నడం తగ్గించి ఎడమ కాలితో తన్నడం మొదలుపెట్టింది. బంతి తన్నేటప్పుడు మనిషి బరువంతా నిలబడిన కాలి మీద పడుతుంది. ఎడమ కాలి మీద నిలబడలేక ఆమె కుడి కాలి మీద నిలబడుతోందని నాకు తోచలేదు. "రెండో కాలు గూడ వచ్చింది మా చెల్లెకు" అని మోతీతో గొప్పగా చెప్పాను. మోతీ మొదట్లో నవ్వి ఊరుకున్నాడు.

"పోరి మొహం సూసినవా ఈ మధ్య?" అన్నాడు తర్వాత. "ఆడేటోళ్ల మొహం లెక్క లేదు, పరీక్షకు పోయేటోళ్ల లెక్క ఉంది."

"పరీక్షనే గదా మరి" అన్నాను.

సెప్టెంబర్లో మనవాళ్లు బయటి దేశంలో జరిగిన టోర్నీలో ఒమన్‌ను పెనాల్టీల మీద కొట్టి మూడో స్థానం తెచ్చారు. ఆ వారం మా ఇంట్లో అందరూ నాతో మాట్లాడారు. అక్టోబర్ మొదట్లో సింగపూర్ పోయి ఒకటి ఒకటితో డ్రా. చివరి నిమిషంలో మనవాడు కొట్టాడు గోలు. బతికే ఉన్నాం అనుకున్నాను. ఆ రోజుల్లోనే మా హైదరాబాద్ క్లబ్బు ఢిల్లీకి మారిపోయిందన్న వార్త వచ్చింది. పేరు కూడా మార్చారు. 2022లో లీగు కప్పు గెలిచిన క్లబ్బు. మోతీ షాపులో ఆ వార్త రెండుసార్లు చదివి ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను. ఇల్లు తగలబడితే బూడిదైనా ఉంటుంది. దీనికి అదీ లేదు.

అక్టోబర్ పద్నాలుగు. సింగపూర్‌తో రెండో ఆట, గోవాలో. గెలవకపోతే ఆసియా కప్పు పోయినట్టే. తెల్లవారితే ఖమ్మంలో శ్రావణి సెలక్షను.

ఏడున్నరకు కొట్టం గోడకు ఫోను ఆనించి, నులక మంచం వేసుకుని కూర్చున్నాను. నాయన చుట్ట వెలిగించుకుని పక్కన కూర్చున్నాడు. పద్నాలుగో నిమిషంలో మనవాళ్లు గోలు కొట్టారు. నేను అరిచిన అరుపుకు కోళ్లు గంప కింద గోల చేశాయి. ఎంత కాలమైంది అంత సంతోషం చూసి! నాయన భుజం మీద చరిచాను. ఆయన చుట్ట కింద పడేసుకుని, వెతుక్కుంటూ నవ్వాడు.

మొదటి సగం ఇంకో ఐదారు నిమిషాలుందనగా శ్రావణి ఇంట్లోంచి వచ్చి మంచం కోడు దగ్గర నిలబడింది. ఆమె వెనక గుమ్మంలో అమ్మ.

"అన్నా, నీతోని ఒక మాట చెప్పాలె."

"చెప్పు" అన్నాను, కళ్లు ఫోను మీదే.

"ఇటు సూడు జర."

"ఒక్క ఐదు నిమిషాలాగు పిల్లా. హాఫ్ టైం కానియ్యి. ఇయ్యాల మనోళ్లు మస్తు ఆడుతున్నరు."

ఆమె ఆగింది. నిలబడే ఆగింది. నలభై నాలుగో నిమిషంలో సింగపూర్ గోలు కొట్టింది.

హాఫ్ టైంలో నేను మంచం దిగి వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ తిట్టాను. ఆమె అక్కడే ఉందని తెలుసు, చెప్పాలనుకున్న మాట ఒకటి ఉందని మాత్రం మర్చిపోయాను. రెండో సగంలో పావుగంట కాకముందే ఇంకో గోలు. ఆ తర్వాత అరగంట పైన నేనేమన్నానో నాకు పూర్తిగా గుర్తులేదు. అమ్మకు గుర్తుంది. చేతగానోళ్లు అన్నానట. కాళ్లల్ల సత్తువ లేనోళ్లు జాగా పట్టుకుని కూసుంటే ఉన్నోళ్ల నోట్ల మన్ను కొట్టినట్టే అన్నానట. నొప్పులోళ్లను ఇంట్ల కట్టెయ్యాలె అన్నానట. ఆట రెండు ఒకటితో అయిపోయింది. ఆసియా కప్పు పోయింది. నేను ఫోను తీసి మంచం మీద విసిరికొట్టాను.

"ఇగ నువ్వే" అన్నాను శ్రావణితో. "రేపు నువ్వన్న పరువు నిలబెట్టు. లేకపోతే ఈ ఇంట్ల ఆట పేరు ఎత్తొద్దు."

గుమ్మంలోంచి అమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. మా కోయ భాషలో ఏదో చిన్నగా అంది. ఇద్దరూ లోపలికి వెళ్లిపోయారు.

తెల్లవారుజామున పాల్వంచ పోతుంటే ఆటోలో అడిగాను, "రాత్రి ఏందో చెప్తనన్నవ్?"

"ఏం లేదన్నా. బూట్ల లేసులు పాతవైనయ్, గదే."

పాల్వంచలో కొత్త లేసులు కొనిచ్చాను.

ఖమ్మం స్టేడియంలో రెండు జట్లుగా పంచి ఆడించారు. సెలక్టర్లు ముగ్గురు షామియానా కింద కూర్చున్నారు. ఉషారాణి మేడం తన పిల్లల వైపు గీత పక్కన నిలబడింది. నేను ఆమెకు పది అడుగుల దూరంలో. మొదటి సగంలో శ్రావణి ఒక బంతిని ఎడమ కాలితో అడ్డంగా వేస్తే ఇల్లెందు పిల్ల తలతో గోలు చేసింది. సెలక్టర్లలో ఒకాయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

రెండో సగంలో బంతి ఆమె కుడివైపు పొడుగ్గా వచ్చింది. దగ్గర్లో ఎవరూ లేరు. ఆమె పరుగెత్తి, ఆగి, లోపలికి మళ్లబోయి పడిపోయింది. ఎవరూ తగల్లేదు. మోకాలు రెండు చేతులా పట్టుకుని పక్కకు ఒరిగింది.

"లే శ్రావణీ!" అని అరిచాను. "వాళ్లు సూస్తున్నరు, లే! నాటకాలొద్దు, లే!"

స్టేడియం ఖాళీగా ఉంది. నా గొంతు అవతలి మెట్ల దాకా పోయి తిరిగి వచ్చింది. ఆమె లేచింది. నా మాట విని లేచింది. రెండడుగులు వేసింది. మూడో అడుగులో మోకాలు పక్కకు మడత పడటం అంత దూరం నుంచి నాకు కనిపించింది. ఈసారి ఆమె పడిన తీరు వేరే. అరవలేదు కూడా.

ఉషారాణి మేడం పరుగెత్తింది. నేనూ వెళ్లాను. మేడం ఆమె మేజోడు కిందికి లాగి, మోకాలి మీది గుడ్డ విప్పింది. కింద పాత కట్టు మరకలు, ఆకు రసం పచ్చగా అంటి ఉన్నాయి. మేడం వాటిని చూసింది.

"శ్రావణీ, ఇది మొదటిసారి కాదు కదా?"

శ్రావణి జవాబు చెప్పేముందు నా వైపు చూసింది. చెప్పొచ్చా అన్నట్టు.

నా ముప్పై ఏళ్ల బతుకులో నన్ను ఎవరూ అలా చూడలేదు. గీత దాటి లోపలికి వచ్చినవాడిని, వెనక్కి రెండడుగులు వేశాను.

"కాదు మేడం" అంది ఆమె అప్పుడు.

పెద్ద దవాఖానాలో స్కానింగు తీశారు. కుర్ర డాక్టరు ఫిల్ము వెలుతురుకు పట్టి చూసి, మోకాలి లోపల ముందు వైపు ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు పూర్తిగా తెగిందని, పక్కన గుజ్జు కూడా చిరిగిందని చెప్పాడు.

"ఇది ఇయ్యాల ఒక్కరోజుది కాదమ్మా. ముందే కొంత తెగి ఉంది. ఎప్పుడు పడ్డవ్?"

"ఆగస్టుల."

"అప్పుడే ఆట ఆపి చూపించుకుంటే ఇంత దాకా రాకపోయేది. ఎవరికీ చెప్పలేదా?"

"అమ్మకు చెప్పిన."

డాక్టరు నన్ను చూసి, "నువ్వేమైతవ్?" అన్నాడు. అన్ననన్నాను. ఆ తర్వాత ఆయన చెప్పిన జాగ్రత్తలన్నీ శ్రావణికే చెప్పాడు.

ఇంటికొచ్చాక ఆ సాయంత్రం అమ్మ మీద పడ్డాను. నాకెందుకు చెప్పలేదని. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. లేవలేదు.

"చెప్దామనే వచ్చింది బిడ్డ. నిన్న రాత్రి, నీ ముంగట నిలబడ్డది. నేనే ధైర్యం చెప్పి తోలిన. మనోళ్లు గెలుస్తున్నరు, అన్న ఖుషీగ ఉన్నడు, ఇప్పుడే పోయి చెప్పు అన్న. నువ్వు ఆగుమన్నవ్."

"తర్వాత చెప్పొచ్చు గదా!"

"తర్వాత నువ్వు ఏమేమి అన్నవో నీకు యాదికున్నదా కిష్టా?"

అప్పుడే అమ్మ నా మాటలు వరసగా చెప్పింది. లోపలి గదిలోంచి శ్రావణి, "అమ్మా, ఇగ ఊకో" అంది. తర్వాత తనే, జూన్‌లో మోతీ షాపులో నేనన్న మాట అప్పజెప్పింది. కోపంగా కాదు. బళ్లో పాఠం అప్పజెప్పినట్టు. "నొప్పి అనేటోడు ఇంట్ల పండుకోవాలె, గ్రౌండుకు రావొద్దు. గందుకే చెప్పలేదన్నా. ఇంట్ల పండుకోవాల్సొస్తదని."

నాయన వాకిట్లో నుంచే అంతా విన్నాడు. ఆయన నన్ను కొట్టి పాతికేళ్లయి ఉంటుంది. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండేది.

"నా బిడ్డ అడివిల పులి తిరుగుతదన్నా బెదరలేదురా" అన్నాడు. "ఇంట్ల నిన్ను సూసి బెదిరింది."

నవంబర్ మొదటి వారంలో హైదరాబాద్‌లో ఆపరేషను చేశారు. మోతీ షాపు మూసి నాతో వచ్చాడు. వార్డు బయట నేల మీద పడుకున్న ఆరు రోజుల్లో ఇద్దరం ఒక్కసారి కూడా ఆట మాట ఎత్తలేదు. తిరిగొచ్చాక శ్రావణి మంచం మీద కాలు చాపి పట్టీలో బిగించుకుని ఉండేది. నేను అన్నం తెచ్చిపెట్టేవాడిని, కర్రలు అందించేవాడిని. "థాంక్సన్నా" అనేది. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పరు. పరాయివాళ్లకు చెప్పే మాట.

పద్దెనిమిదో తారీకున ఢాకాలో బంగ్లాదేశ్‌తో ఆట. అర్హత ఎప్పుడో పోయింది, ఇది ఉత్త ముగింపు. నేను ఫోను జేబులోంచి తియ్యలేదు. ఏడుంబావుకు శ్రావణి కర్రల మీద కొట్టం గోడ దగ్గరకు వచ్చింది.

"ఫోను పెట్టు."

"వద్దులే."

"నేను సూడాలె. పెట్టు."

గోడకు ఆనించాను. పదకొండో నిమిషంలో బంగ్లాదేశ్ గోలు కొట్టింది. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. నిమిషాలు పోతున్నాయి, గోలు రావడం లేదు. మనవాళ్లు మూడు పాసులు వేసి నాలుగోది పోగొడుతున్నారు. ఇరవై రెండేళ్లలో బంగ్లాదేశ్ చేతిలో ఓడలేదు మనం. తిట్టును పళ్ల కింద అదిమి పట్టాను. శ్రావణి ఆటకంటే నన్నే ఎక్కువ చూస్తోందని కొంతసేపటికి తెలిసింది. అమ్మ గుమ్మంలోంచి, నాయన మంచం మీంచి, వాళ్లూ నన్నే చూస్తున్నారు. ఎప్పుడు పేలుతుందో తెలియని దాన్ని చూసినట్టు.

ఒకటి సున్నాతో అయిపోయింది.

"తిట్టవేంది?" అంది శ్రావణి.

"తిట్టను."

"నువ్వు తిడితే భయమైతుండె. ఇప్పుడు తిట్టకుండ పళ్లు కొరుకుతుంటే ఇంక ఎక్కువ భయమైతాంది."

వాళ్లు ఓడితే బాధ కాదని చెబితే అబద్ధం. కడుపులో మండుతూనే ఉంది. ఇంత జరిగాక కూడా మండుతోంది. అదే చెప్పాను. "మండుతాంది శ్రావణీ. మండకుండ ఎట్లుండాలో నాకు తెల్వదు. గానీ నీ మీద మాత్రం..."

ఆమె ఫోను వైపు చూసింది. అక్కడ ఓడినవాళ్లు తలలు వంచుకుని బయటికి నడుస్తున్నారు.

"నేను మళ్ల ఆడత. డాక్టరు తొమ్మిది నెలలన్నడు. పది కానీ, పన్నెండు కానీ, ఆడత. గానీ నువ్వు గ్రౌండుకు రావొద్దన్నా. నా ఆటకు రావొద్దు. నేను రమ్మనేదాంక రావొద్దు. రమ్మనకపోతే కూడా ఏమనొద్దు."

అమ్మ ఏదో అనబోయింది. నాయన చెయ్యెత్తి ఆపాడు.

"సరే" అన్నాను.

"కోపమొచ్చిందా?"

"లేదు." కొంచెం వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లేచి కొట్టంలో ఎద్దులకు గడ్డి వేశాను. అవి అప్పటికే తిని ఉన్నాయి.

జనవరి చివర్లో కొత్తగూడెంలో కాలేజీల మధ్య పోటీలు జరిగాయి. శ్రావణి అప్పటికి కర్రలు వదిలింది. ఆడటానికి లేదు, కానీ మేడం ఆమెను జట్టుతో రమ్మంది, పక్కన కూర్చుని ఎవరెట్లా ఆడుతున్నారో రాసిపెట్టమంది. బస్సులో కాలు చాపుకోవడం కష్టమని నేనే ఆటోలో తీసుకెళ్లాను. గ్రౌండు గేటు దగ్గర దిగి, పుస్తకం చంకలో పెట్టుకుని, నా వైపు ఒకసారి చూసింది.

"ఈడనే ఉంట" అన్నాను.

గోడ ఎత్తుగా ఉంది. నేను ఆటో గోడ నీడలో పెట్టుకున్నాను. గేటు పక్కన జంపక్క అనే ఆవిడ ఉడకబెట్టిన పల్లికాయలు అమ్ముతోంది. రోడ్డు మీద మేడారం జాతరకు పోయే బండ్లు డప్పులు కొట్టుకుంటూ పోతున్నాయి. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా లోపలి నుంచి బంతి తగిలిన శబ్దం, ఆడపిల్లల కేకలు. ఏ కేక ఎవరిదో తెలియదు. ఒకసారి పెద్దగా అరుపులు లేచాయి. నేను సీటు మీంచి సగం లేచాను.

"గోలు పడ్డట్టున్నది తమ్మీ. ఎవలదో?" అంది జంపక్క.

"తెల్వదక్కా."

"తెల్వకపోతే లోపలికి పోయి సూడరాదు? టికెట్టు గూడ లేదు."

"లేదక్కా. నేను ఈడనే ఉండాలె."

ఆమె నన్ను వింతగా చూసి గుప్పెడు పల్లికాయలు నా చేతిలో పోసింది. వాటిని ఒక్కొక్కటే ఒలుచుకుంటూ కూర్చున్నాను. మొదటి అరగంట గోడ పగలగొట్టాలనిపించింది. తర్వాత చెవులతోనే కొంత అర్థమవడం మొదలైంది. బంతి ఏ మూల ఉందో, ఎప్పుడు ఆగిందో. చివరి విజిల్ పడింది. మళ్లీ అరుపులు. గెలిచినవాళ్లవో, గెలిపించమని గొంతు చించుకున్నవాళ్లవో చెప్పలేను.

శ్రావణి మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. మొహంలో ఏమీ తెలియలేదు. ముందు సీటులో నా పక్కన ఎక్కి కాలు సర్దుకుంది. ఆటో తీశాను. కొత్తగూడెం దాటాం. పాల్వంచ దాటాం. నాలుక చివర ప్రశ్న ఉంది, దాన్ని అక్కడే ఉంచాను. ములకలపల్లి రోడ్డెక్కాక చెట్ల నీడలు మొదలయ్యాయి.

"అడగవా?" అంది.

"నీకు చెప్పాలనిపిస్తే వింట."

ఇంకొంత దూరం పోయాక పుస్తకం తెరిచింది. గాలికి కాగితాలు ఎగురుతుంటే వేలితో అదిమిపెట్టింది.

"మొదటి నిమిషంలనే మా సెంటర్ పిల్ల తప్పు జాగాల నిలబడ్డది..." అని మొదలుపెట్టింది.

నేను బండి వేగం తగ్గించాను. ఎదురుగా రోడ్డు చూస్తూ విన్నాను. మా గూడెం మలుపు వచ్చేసరికి ఆమె ఇంకా మొదటి సగంలోనే ఉంది.